చేను నిలబెట్టిన కాలేజీ

ఫిలిప్పీన్స్ అనగానే మన ఇళ్ళలో చాలామందికి డావో గుర్తొస్తుంది. డావో అంటే డాక్టరు సీటు. ఏజెంటు ఎంత అడిగాడు, హాస్టల్లో మన భోజనం దొరుకుతుందా, తిరిగొచ్చాక ఏ పరీక్ష రాయాలి అన్న లెక్కలే ఆ దేశం గురించి మనకు తెలిసినవి. పిల్లల చదువు కోసం వేసుకునే లెక్కలను తప్పు పట్టలేం. కానీ ఆ దేశంతో మన సంబంధం అంతకు చాలా ముందే, మన వరిచేలల్లో మొదలైంది. దానికి మూలం మనీలా మహానగరం కాదు. లగూనా అనే ప్రొవిన్సులో లోస్ బాన్యోస్ అనే చిన్న పట్నం, ఆ పట్నంలోని వ్యవసాయ కాలేజీ.

చిన్న ఊళ్ళలో కాలేజీలెందుకు, పిల్లలు తగ్గిపోతే పక్క ఊరి కాలేజీలో కలిపేస్తే సరి అనే మాట మన దగ్గర తరచూ వినిపిస్తోంది. ఆ మాట అనేవారికి లగూనా కథ చెప్పాలని నా కోరిక.

లోస్ బాన్యోస్ మనీలాకు అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒక పక్క మకిలింగ్ కొండ, మరో పక్క దేశంలోకెల్లా పెద్ద సరస్సు, మధ్యలో వేడినీటి బుగ్గలు. 1908లో మనీలాలో యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్ ఏర్పడింది. మరుసటి ఏడే, 1909 మార్చి 6న, ఆ యూనివర్సిటీ తన వ్యవసాయ కాలేజీని రాజధానిలో కాకుండా ఈ కొండ కింద పెట్టాలని తీర్మానించింది. ఎడ్విన్ కోప్‌లండ్ అనే వృక్షశాస్త్రవేత్త మొదటి డీన్. జూన్‌లో తరగతులు మొదలయ్యేనాటికి ఉన్నది అయిదుగురు అధ్యాపకులు, 12 మంది విద్యార్థులు.

పన్నెండు మంది! ఈ రోజు మన దగ్గర ఏ డిగ్రీ కాలేజీలోనైనా ఒక కోర్సులో పన్నెండు మందే చేరితే ఆ కోర్సు ఎత్తేయడానికి ఆ సంఖ్యే చాలు. అక్కడ ఎత్తేయలేదు. ఏడాది తిరక్కుండానే పక్కన అడవుల చదువు కూడా పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం ఆ ఆవరణను నిర్బంధ శిబిరంగా మార్చింది. 1945 ఫిబ్రవరి 23న జరిగిన దాడిలో అక్కడి నుంచి రెండు వేల మందికి పైగా బందీలు విడుదలయ్యారు. యుద్ధం ముగిసేసరికి కాలేజీ శిథిలమైంది. అప్పుడైనా రాజధానికి తరలించి ఉండవచ్చు. తరలించలేదు, అక్కడే మళ్ళీ కట్టుకున్నారు. 1952 నుంచి అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ తోడ్పాటుతో అధ్యాపకులను తయారు చేసుకున్నారు. 1960లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు ఫిలిప్పీన్స్ ప్రభుత్వంతో కలిసి అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థను స్థాపించినప్పుడు ఆ కాలేజీ పక్కనే చోటు చూసుకున్నాయి. యాభై ఏళ్ళుగా మట్టిని, పైరును ఎరిగిన మనుషులు అక్కడ ఉన్నారు కనుకనే ఆ ఎంపిక జరిగింది.

ఆ సంస్థ చేసిన పని గోదావరి రైతుకు విడమర్చి చెప్పనక్కర్లేదు. పాత వరి రకాలు నిలువెత్తు పెరిగేవి. ఎరువు వేస్తే ఇంకా ఏపుగా పెరిగి, వెన్ను బరువెక్కగానే చేను పడిపోయేది. పడిన కంకి నీళ్ళలో నానితే గింజ మొలకెత్తేది. అంటే ఎరువు వేసిన రైతే నష్టపోయేవాడు. లోస్ బాన్యోస్‌లో 1962లో తైవాన్‌కు చెందిన పొట్టి రకాన్ని, ఇండోనేషియా నుంచి వచ్చిన పేటా అనే పొడుగు రకంతో సంకరం చేశారు. ఆ ఏడు చేసిన సంకరాల్లో అది ఎనిమిదోది. దాని సంతతిలో పొట్టిగా, గట్టి కాండంతో, ఎక్కువ పిలకలతో నిలబడ్డ మొక్కలను ఏరి, 1966 నవంబరులో ఐఆర్-8 పేరుతో విడుదల చేశారు. పగటి పొద్దు నిడివితో దానికి పనిలేదు, నాలుగు నెలలు దాటిన కొద్ది రోజులకే కోతకొస్తుంది. రెండో పంటగా దాళ్వా వేసుకునే రైతుకు అంతకన్నా ఏం కావాలి?

1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఆ విత్తనం వేశారు. తాను పండించి ఊరుకోలేదు, విత్తనాన్ని నలుగురికీ అందేలా చేశారు. దేశం తిండిగింజల ఓడల కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఆయనకు ‘మిస్టర్ ఐఆర్-8’ అనే పేరు స్థిరపడింది. ఆ అన్నం మన నోటికి అంత రుచించలేదు, మిల్లాడిస్తే నూక ఎక్కువ, చల్లారితే గట్టిపడేది. కానీ కడుపు నింపింది.

ఈ కథలో నాకు అంతకన్నా విలువైనది మరొకటుంది. కొత్త వంగడాలతో పాటు ఎరువులు, పురుగుమందులు, వాటికి అప్పులు వచ్చాయి. పాత వరి రకాలు పొలాల్లోంచి మాయమయ్యాయి. ఈ నష్టాన్ని నిలదీసిన గొంతుల్లో గట్టిది కూడా అదే ఊళ్ళో పుట్టింది. ఫిలిప్పీన్స్ రైతులు, లోస్ బాన్యోస్ శాస్త్రవేత్తలు కొందరు కలిసి 1980ల మధ్యలో మాసిపాగ్ అనే ఉద్యమం మొదలుపెట్టారు. విత్తనం రైతు చేతిలోనే ఉండాలి, సంకరం చేయడం రైతే నేర్చుకోవాలి అన్నది వారి పట్టు. అద్భుతం అన్న పేరు తెచ్చుకున్న విత్తనమూ, దాన్ని ప్రశ్నించిన సంఘమూ ఒకే పట్నంలో ఉన్నాయి. వాదించుకోవడానికి సరిపడా చదువుకున్న మనుషులు ఒకచోట ఉంటేనే ఇది సాధ్యం. కాలేజీ ఊరికిచ్చే అసలైన బలం ఇదే.

లోస్ బాన్యోస్‌కు మనం కూడా ఇచ్చాం. 1925 నుంచి వరి మీద పనిచేస్తున్న మార్టేరు పరిశోధనా కేంద్రం స్వర్ణ వంగడాన్ని తయారుచేసి 1982లో విడుదల చేసింది. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన వశిష్ఠ రకానికి ఐఆర్-8తో నేరుగా చుట్టరికం. మార్టేరు పల్లెటూరు. అక్కడి స్వర్ణ ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పాకింది. ముంపు వస్తే మాత్రం తట్టుకోలేకపోయేది. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఎ అనే పాత రకంలో రెండు వారాల దాకా నీట మునిగినా బతికే గుణం ఉంది. లోస్ బాన్యోస్ శాస్త్రవేత్తలు ఆ గుణానికి కారణమైన జన్యువును మాత్రం స్వర్ణలోకి తెచ్చి, మిగతా స్వర్ణను అలాగే ఉంచారు. 2009లో అది స్వర్ణ-సబ్1గా మన దేశంలో విడుదలైంది. ఒక పల్లెటూరి కేంద్రం, ఒక చిన్న పట్నం కలిసి కోట్లమంది తిండికి ధీమా ఇచ్చాయి. ఇందులో ఏ రాజధాని పాత్రా లేదు.

లోస్ బాన్యోస్ పేరు మోసిన చోటు కదా, మామూలు పట్నాల మాటేమిటి అని అడగవచ్చు. అందుకే దాని ఇరుగుపొరుగును కూడా చూడాలి. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిజాల్ పుట్టిన కలంబా, కార్ల ఫ్యాక్టరీలున్న సాంతా రోసా, నెస్లే ఫ్యాక్టరీ ఉన్న కబుయావ్, ఏడు చెరువుల సాన్ పాబ్లో అన్నీ లగూనా ప్రొవిన్సులోవే. కలంబా, కబుయావ్, సాన్ పాబ్లోలలో ఆ నగర పాలకసంస్థలే కాలేజీలు నడుపుతున్నాయి. 1991 నాటి స్థానిక ప్రభుత్వాల చట్టం వారికి ఆ అధికారం ఇచ్చింది. తమ పన్ను రాబడిలోంచి బడ్జెట్ కేటాయించి, తమ ఊరి పిల్లలకు టీచరు చదువు, లెక్కల చదువు, కంప్యూటర్ చదువు చెప్పిస్తున్నాయి. వీటికి తోడు లగూనా స్టేట్ పాలిటెక్నిక్ యూనివర్సిటీ ఒకే క్యాంపస్‌లో కూచోకుండా సాంతా క్రూజ్, సాన్ పాబ్లో, లోస్ బాన్యోస్, సినిలోవాన్‌లలో నడుస్తోంది.

2017 ఆగస్టులో వచ్చిన చట్టం ప్రభుత్వ యూనివర్సిటీలతో పాటు, ఉన్నత విద్యా కమిషన్ గుర్తించిన ఈ పురపాలక కాలేజీల్లోనూ ట్యూషన్ ఫీజు ఎత్తేసింది. ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు పొద్దున్నే ఇంట్లో తిని, జీప్నీ అనే షేర్ బండి ఎక్కి కాలేజీకి పోయి, సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. మనీలాలో గది అద్దె అక్కర్లేదు. ఆడపిల్లను ఊరు దాటించి చదివించలేని ఇంటికి అది ఎంత తేడానో తెలుగు తల్లిదండ్రులకు వేరే చెప్పాలా?

లోపాలూ ఉన్నాయి. మేయరు మారితే కాలేజీ మీద శ్రద్ధ మారిపోవచ్చు. పన్నులు బాగా వచ్చే నగరానికి మంచి కాలేజీ, రాని పట్నానికి అరకొర కాలేజీ అనే అసమానత ఉంది. ఫీజు రద్దు కావాలంటే కమిషన్ గుర్తింపు ఉండాలనే షరతు కాలేజీలను ప్రమాణాల వైపు నెడుతుంది కనుక, అది మంచి షరతే. పని చేసుకునే పిల్లల బస్సు ఖర్చు, పుస్తకాల ఖర్చు మాత్రం ఇంకా వాళ్ళ మీదే పడుతోంది.

ఇక మన సంగతి. మన మునిసిపాలిటీలకు బడులు నడిపిన అనుభవం ఉంది. డిగ్రీ కాలేజీ నడపాలన్న ఊసు వాటికి రావడమే అరుదు. పట్నాల్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్లతో బండి లాగుతున్నాం. భీమవరం చుట్టూ రొయ్యల చెరువులున్నాయి, సిరిసిల్లలో మరమగ్గాలున్నాయి, మదనపల్లెలో టమాటా ఉంది. ఆ ఊరి డిగ్రీ కాలేజీలో ఆ ఊరి బతుకుతెరువు మీద ఒక్క కోర్సు ఉండాలని అడిగేవారు లేరు. అడిగితే ఏం జరుగుతుందో బాపట్ల చూపించింది. 1945లో మొదలైన వ్యవసాయ కాలేజీ ఉన్న ఆ ఊరి పేరే అక్కడ పుట్టిన సాంబ మసూరి బియ్యం సంచి మీద బీపీటీ అనే అక్షరాలై దేశమంతా తిరుగుతోంది.

నేను కోరేవి మూడు. పిల్లలు తగ్గారన్న ఒక్క కారణంతో ఏ పట్నం కాలేజీనీ మూయకూడదు. ఎందుకు తగ్గారో ముందు ఆ ఊళ్ళోనే విచారించాలి. ఖాళీ పోస్టుల్లో పూర్తికాలం అధ్యాపకులను వేయాలి, వారు అదే ఊళ్ళో ఉండేందుకు ఇళ్ళు కట్టివ్వాలి. కాలేజీ నిర్వహణలో పురపాలక సంఘానికి బాధ్యతా, బడ్జెట్టూ, పాఠ్యాంశాల్లో మాటా ఇవ్వాలి. వచ్చే పురపాలక ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చినవారిని రోడ్డు, కుళాయితో పాటు కాలేజీ గురించి కూడా అడుగుదాం.  లగూనా పట్నాలు కాలేజీని తమ ఊరి పని అనుకున్నాయి, తేడా అక్కడే.