ఓటొక్కటియే న్యాయరక్షణమా?

ప్రజలెన్నుకొనిన యధికారి ప్రజలకు జడిసి న్యాయము దప్పడని నమ్ముట సులభము. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రము 1832లోనే ప్రాసిక్యూటర్ల యెన్నికను తన రాజ్యాంగమున జేర్చెను. నేటికిని అచ్చట డిస్ట్రిక్టు అటార్నీని నాలుగేండ్ల కొకమారు ఓటర్లే యెన్నుకొందురు. ఎవరిపై నేరము మోపవలెను, ఎవరికి మరణశిక్ష కోరవలెనను నిర్ణయ మాతని చేతిలోనిది.

ఆ యధికార మెట్లు నడచెనో చూతము. 1996లో వినోనా పట్టణమున నొక ఫర్నిచరు దుకాణములో నలుగురు హతులైరి. కర్టిస్ ఫ్లవర్స్ అను నల్లజాతీయునిపై నేరము మోపబడెను. 1997 మొదలు 2010 వరకు ఒకే ప్రాసిక్యూటరు ఆ నేరమునకే ఆతని నారుమారులు విచారణ కీడ్చెను. నాలుగుమారులు మరణశిక్ష పడెను. రెండుమారులు జూరీ యేకాభిప్రాయమునకు రాలేదు. జూరీకి పిలువబడిన నల్లవారిలో తాను తొలగింప వీలున్న 42 మందిలో 41 మందిని ప్రభుత్వపక్షము తొలగించెను. జాతినిబట్టి జూరర్లను తొలగింపరాదని అమెరికా సుప్రీంకోర్టు 1986లోనే శాసించి యుండెను! మొదటి మూడు తీర్పులను రాష్ట్ర సుప్రీంకోర్టే రద్దుచేసెను. కడపటిదానిని 2019 జూనులో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసెను.

ఇక ఓటు చేసిన రక్షణమేమి? ఆ యేటి నవంబరులోనే యెన్నిక వచ్చెను. అదే ప్రాసిక్యూటరు పోటీ లేకయే గెలిచెను. ఒక్క పేరే యున్న బ్యాలెట్టులో ఎన్నుకొనుట కేమున్నది? నష్టపరిహారమునకు దావా వేయుదమన్నను, 1976 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రాసిక్యూటర్లకు కవచమై నిలిచి యున్నది.

ఇంచుమించు ఇరువదిమూడేండ్లు చెరలో గడపిన పిమ్మట ఫ్లవర్స్ 2019 డిసెంబరులో బెయిలుపై వెలికివచ్చెను. 2020 సెప్టెంబరులో రాష్ట్ర అటార్నీ జనరలు కోరికపై కేసు కొట్టివేయబడెను. ఆ అటార్నీ జనరలును ఎన్నికైనవారే కదా యని కొంద రందురు. నిజమే. కావున దోషము ఓటుది కాదు. ఓటున్నది చాలునని తక్కిన కట్టుబాట్లను సడలించిన వారిది. హతులైన నలుగురి కుటుంబములకు మాత్రము ఇన్ని విచారణల వలన నొరిగిన దేమి?

మన దేశమున ప్రాసిక్యూటర్లను ప్రభుత్వములు నియమించును. అంతమాత్రమున మనము గర్వింప బనిలేదు. ఎన్నికైనవాడు ఓటరు కోపమునకు, నియమితుడు మంత్రి కనుసన్నకు లొంగవచ్చును. ప్రాసిక్యూటరు పని గెలుచుట కాదు, సత్యమును తేల్చుట. తప్పుచేసిన ప్రాసిక్యూటరును నిలదీయు స్వతంత్రాధికారము లేనిచోట, ఎన్నికయైనను నియామకమైనను బోనులో నిలిచిన నిరుపేదకు భేద మేమియు లేదని మేము నొక్కి చెప్పుచున్నాము.