రాతిలోని ఆకునకు పట్టిన జబ్బు

లాలాపేటనుండి ఒక సోదరి మాకు వ్రాసియున్నారు. సింగరేణి గనులలో పనిచేసిన వారి మామగారు బొగ్గుపొరల ప్రక్కనుండి తెచ్చిన నల్లపలకలు కొన్ని చెక్కపెట్టెలో నున్నవట. వానిపై నాలుకవంటి ఆకుల అచ్చులు కలవు. ఈ శ్రావణమున పెట్టె తెరువగా ఒక పలకపై పసుపు కలిసిన తెల్లని పొడి, గంధకపు వాసన. కడుగవచ్చునా యని వారి ప్రశ్న.

కడుగరాదు. నీరే దీనికి శత్రువు.

బొగ్గుతో కూడిన రాళ్లలో ఇనుమును గంధకమును కలిసిన పైరైటు అను ఖనిజము తరచుగా నుండును. గాలియు తేమయు తగిలినచో అది మారి ఉప్పువంటి పొడియు గంధకామ్లమును పుట్టించును. ఆ పొడికి పూర్వపు ఖనిజముకంటె ఎక్కువ చోటు కావలెను. అందుచే రాయి లోపలినుండియే పగులును. బంగారువలె మెరయు పెద్ద పలుకులు చాలకాలము నిలుచును గాని, కంటికానని సన్నని రేణువులే త్వరగా చెడును. గాలిలో తేమ నూటికి 60 పాళ్లు దాటినచో ఈ చెరుపు వేగమందును. మన హైదరాబాదున వానకాల మంతయు ఇదే స్థితి.

ఆ ఆకు సామాన్యమైనది కాదు. గ్లోసోప్టెరిస్ అను చెట్టుది. ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పూర్వపుది. 1912లో దక్షిణధ్రువమునుండి మరలుచు మరణించిన స్కాటు బృందము చివరివరకు విడువక లాగుకొనివచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలో ఈ యాకులు నుండెను. మనదేశమును ఆ మంచుభూమియు నొకప్పుడు కలిసియుండెననుటకు ఇట్టి యాకులే సాక్ష్యములు.

లాలాపేట చుట్టుపట్ల నున్నది గ్రానైటు. అందు శిలాజములు పుట్టవు. కనుక అక్కడి యింటనున్న ఆకు ఎచ్చటిదో చెప్పునది మామగారు వ్రాసిన కాగితపుచీటి యొక్కటే. ఆమ్లము దానిని సులభముగా తినివేయును! సోదరి ముందుగా చేయవలసినది, చీటిలోని మాటలను యథాతథముగా వేరొక పుస్తకమున ఎక్కించి, రాతికి అంటకుండ చీటిని విడిగా దాచుట. చీటి లేని శిలాజము పేరులేని బిడ్డ వంటిది.

పిమ్మట జబ్బుపడిన పలకను తక్కినవానినుండి వేరుచేసి, పొడిని మెత్తని పొడి కుంచెతో దులుపవలెను. పిల్లలను దూరముగా నుంచి, తరువాత చేతులు కడుగుకొనవలెను. ఎండలో పెట్టినచో పలక చిట్లును. వార్నీషు పూయుమని కొందరు చెప్పుదురు, మేము ఒప్పుకొనము. అది తేమను ఆపజాలదు, చెరుపును మాత్రము కప్పిపుచ్చును. ఆమోనియా ఆవిరితో ఆమ్లమును విరుచు పద్ధతి కలదు గాని అది ఇంట చేయదగినది కాదు. సలహాకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర విభాగము వారికి దగ్గరలోనే యున్నది.

బాగున్న పలకలను బిగువైన మూతగల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచి, లోపలి తేమ 45 పాళ్లకు దిగువనుండునట్లు చూడవలెను. తేమను కొలుచు చిన్నయంత్రము బజారున దొరకును. పొట్లము రంగు మారినపుడెల్ల క్రొత్తది పెట్టవలెను. ఆ డబ్బాను వంటయింటి గోడకు ఆనియున్న అలమారలో నుంచరాదు. సున్నపురాతి శిలాజము లున్నచో వానికి వేరు డబ్బా కావలెను. ఆమ్లము వానిని కరగించును. పాత చెక్కపెట్టెను బట్టలకు వాడుకొనవచ్చును, అడుగున కాగితము మార్చి.