పాత పెట్టెలో ప్రాణము

ప్రొద్దుటూరులో ఒక పాతసామానుల అంగడియందు చెక్కతలుపుల టెలివిజన్ పెట్టెను చూచితిని. జమ్మలమడుగులోని ఒక ఇంటినుండి వచ్చినదట. “ట్యూబు పీకేస్తే మంచి బీరువా అయితాది సార్!” అన్నాడు అంగడివాడు. ఆ మాటయే నాచేత దానిని కొనిపించినది.

అది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. వారి నలుపు-తెలుపు పెట్టె. 1975-76లో ఉపగ్రహముద్వారా చదువు చెప్పు ప్రయోగము జరిగినపుడు, మన రాష్ట్రముతో సహా ఆరు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు పెట్టెలను చేసియిచ్చినది ఆ సంస్థయే. బడిపిల్లలకొరకు పుట్టిన వంశమన్నమాట!

కొనువారు వెలకంటె ముందు పిక్చరు ట్యూబును పరీక్షింపవలెను. ఎండిన కెపాసిటర్లకు బదులు క్రొత్తవి నేటికిని దొరకును. అరిగిన ట్యూబునకు బదులు దొరకుట దుర్లభము. ఆపిన పిదపకూడ దానిలో వేల వోల్టులు నిలిచియుండవచ్చును గనుక తెలిసినవాడు లేనిదే మూత విప్పరాదు. మాకట్టి మెకానిక్ పులివెందులలో లభించినాడు.

లోపలిదంతయు తీసివేసి, క్రొత్త పలుచని తెరను అమర్చి, దానినే పునరుద్ధరణ మనువారు కలరు. నేనొప్పుకొనను. ఒక ఎలక్ట్రాను పుంజము సెకనుకు 25 మారులు 625 గీతలతో బొమ్మ నల్లుటయే గదా ఆ యంత్రముయొక్క ప్రాణము!

ఏంటెనాతో అందుకొను ఆ పాత ప్రసారములు మా జిల్లాలో ముగిసినవి. మాడ్యులేటరుతో బొమ్మ నందించితిమి. మా తరగతిలోని ఒక బాలిక అయస్కాంతమును తెరచెంతకు తెచ్చినది. బొమ్మ వంగినది. “మళ్లీ ఒకసారి సార్!” అని తరగతియంతయు లేచినది.