జూనియర్ డాక్టర్ల చదువు ఎవరి బాధ్యత?

2020 మార్చిలో మా నాన్నకు హెర్నియా ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. "ప్రాణం మీదికొచ్చేది కాదుగా, కరోనా తగ్గాక రండి" అన్నారు. ఆ ఏడు అద్దంకి దగ్గర మా చేలో మిరప నాట్లు నాన్న బెల్టు బిగించుకునే వేయించాడు. హైస్కూల్లో ఉన్న నాకు మా బాధే కనిపించింది. ఆ ఆపరేషన్ పక్కన నిలబడి నేర్చుకోవలసిన కుర్ర డాక్టరుకూ ఆ రోజు పాఠం పోయిందని తట్టలేదు.

సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి సంగతే చూడండి. 2020లో దాన్ని పూర్తిగా కోవిడ్‌కే కేటాయించారు. సర్జరీ పీజీ అయినా, ఎముకల పీజీ అయినా కోవిడ్ వార్డు డ్యూటీయే. జూన్‌లో ఒక రోగి చనిపోతే బంధువులు డ్యూటీ డాక్టరు మీద చెయ్యి చేసుకున్నారు. జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. రక్షణ ఒక్కటే కాదు, రోగులనందరినీ ఒక్కచోటే చేర్చకుండా మిగతా ఆసుపత్రులకూ పంచమన్నారు. మామూలు సేవలు మళ్లీ మొదలైంది నవంబరులో. రెండో అల రాగానే కథ మొదటికొచ్చింది. పీజీ చదువేమో మొత్తం 3 ఏళ్లు!

2021 ఏప్రిల్ 18న జరగాల్సిన నీట్ పీజీ సెప్టెంబరు 11కి పోయింది. రిజర్వేషన్ల కేసుతో కౌన్సెలింగు 2022 జనవరిదాకా మొదలుకాలేదు. కొత్త బ్యాచి రాదు, దాని చాకిరీ కూడా పాతవాళ్ల నెత్తినే.

వాళ్లేమీ నేర్చుకోలేదా అంటే, నేర్చుకున్నారు. ఊపిరాడని మనిషిని బోర్లా ఎందుకు పడుకోబెట్టాలో, చావు కబురు ఫోన్లో ఎలా చెప్పాలో ఏ పుస్తకంలో ఉంది? కానీ హెర్నియా కుట్టడం అక్కడ రాదు కదా. లెక్చరర్లు కోప్పడనంటే ఒక మాట: టైట్రేషన్ ఆన్‌లైన్లో చూసినవాడి చేతికి బ్యూరెట్ ఇచ్చి చూడండి!

కోర్సు పొడిగిస్తే సరి అనేవాళ్లున్నారు. పొడిగించిన నెలల్లోనూ వార్డు చాకిరీయే చేయిస్తే ఏం లాభం? నేననేది, బోధనాసుపత్రిని మొత్తంగా ఒక్క జబ్బుకే రాసివ్వొద్దని. తప్పనిసరైతే, మామూలు రోగి ఎక్కడికి పోతున్నాడో విద్యార్థినీ వంతులవారీగా అక్కడికి పంపాలి. పీజీలు 3 నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచెయ్యాలన్న నిబంధన ఇప్పుడుంది. రేపు మరో మహమ్మారి వస్తే ఆ దారి వాడుకోకూడదా? ఆ ఏర్పాటు ఇప్పుడే కాగితం మీద పెట్టాలి. వార్డులు నిండాక ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

నాన్నకు చివరికి 2021 డిసెంబరులో ఆపరేషన్ అయింది. మత్తు నడుం కిందికే ఇచ్చారు గనక అన్నీ వినిపించాయట. పక్కన ఇద్దరు హౌస్ సర్జన్లు నిలబడ్డారనీ, పెద్ద డాక్టరు వాళ్లకు ఏదో చెబుతూనే ఉన్నాడనీ ఇంటికొచ్చి చెప్పాడు.