మిషను తప్పుకు కూలీ జరిమానా కట్టాలా?

మిర్చి కోతకు కూలీలను తోలుకుపోయే ఆటోడ్రైవరు బంకులో 500 రూపాయల డీజిలు పోయించుకుని డెబిట్ కార్డు ఇస్తాడు. మిషనులో చీటీ రాదు. ఫోనులో మాత్రం డబ్బు కట్టయినట్టు మెసేజి వస్తుంది. ‘మాకు పడలేదు, మళ్లీ కట్టు’ అంటారు బంకువాళ్లు. ‘బంకునే అడుగు’ అంటుంది బ్యాంకు. తైవాన్ పంపుకు పెట్రోలు పోయించుకునే మందుకూలీకీ ఇదే గతి. రోజు కూలి అక్కడే పోతుంది. బ్యాంకు చుట్టూ తిరిగితే పనిరోజులూ పోతాయి.

అసలు జరిగేదేమిటి? కార్డు గీకగానే కబురు బంకువారి బ్యాంకు ద్వారా మన బ్యాంకుకు పోతుంది. మన ఖాతాలో డబ్బు తెగాక తిరుగు జవాబు దారిలో ఆగితే చీటీ రాదు. ఇందులో కూలీ తప్పు లేదు. డీజిలు పోసే కుర్రాడి తప్పూ లేదు. అతనూ మనలాంటి కష్టజీవే. లెక్క తగ్గితే యజమాని నిలదీసేది అతన్నే. కనుక మన తగాదా అతనితో కాదు.

2016 నవంబరులో పెద్దనోట్లు రద్దు చేసిన పాలకులు కార్డులే వాడమని ఊదరగొట్టారు. బంకుల్లో కార్డుతో కొంటే 0.75 శాతం తగ్గింపు అని డిసెంబరులో ప్రకటించారు. బ్యాంకులు బంకులపై 1 శాతం చార్జీ వేయబోతే, 2017 జనవరి 9 నుంచి కార్డులు తీసుకోబోమని యజమానులు హెచ్చరించారు. గంటల్లోనే ఆ చార్జీ వాయిదా పడింది. సంఘంగా నిలబడ్డారు గనుకనే పడింది. మరి కూలీ 500 రూపాయల మాటేమిటి?

దానికీ నిబంధన ఉంది. ఖాతాలో డబ్బు తెగి, దుకాణానికి ఖాయం కబురు చేరకపోతే 5 రోజుల్లోగా బ్యాంకు తనంతట తానే తిరిగి జమ చేయాలి. అది దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. మనం అడిగేదాకా ఆగకూడదు. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఇది. పది రోజులు ఆలస్యమైతే 500తో పాటు మరో 1,000 రావాలన్నమాట. ఈ సంగతి ఎన్ని ఊళ్లలో తెలుసు?

అందుకే మనం కోరేది ఇది. ఈ ఉత్తర్వును ప్రతి బంకులో, ప్రతి బ్యాంకు శాఖలో తెలుగులో బోర్డు కట్టాలి. చీటీ రానప్పుడు తేదీ, వేళ, సొమ్ము రాసి బంకువారు సంతకం చేసివ్వాలి. బ్యాంకు అర్జీ తీసుకుని రసీదు ఇవ్వాలి. 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

మెసేజి చెరపకండి. అర్జీ రాయడం రానివారికి సంఘం కార్యకర్తలు రాసిపెట్టాలి. ఒక్కొక్కరుగా పోతే ‘రేపు రా’ అంటారు. పదిమంది అర్జీలు పట్టుకుని కలిసి పోదాం.