చిత్రితుల మాట

ఉత్తరప్రదేశమునందలి చిత్రకూటమున 2002లో పుట్టి, గ్రామీణ స్త్రీలచే నడుపబడుచున్న ‘ఖబర్ లహరియా’ పత్రికనుగూర్చి రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ గారలు తీసిన ‘రైటింగ్ విత్ ఫైర్’ అను డాక్యుమెంటరీ చిత్రము 2022లో ఆస్కారు తుది పోటీకి ఎన్నికయ్యెను. ఆ స్త్రీల ధైర్యమును లోకమునకు చాటిన కీర్తి దానిదే. అయినను, చిత్రము హృద్యమే కాని, తామొక్క రాజకీయపక్షమునుగూర్చియే వ్రాయుచున్నట్లు చూపుట సరికాదని పత్రికవారు ఆ సంవత్సరమే ప్రకటించిరి.

దీనిని కృతఘ్నతగా నెంచరాదు. పరుల గడప దాటి వంటయింటి మాటలనుసైతము పట్టు యంత్రమునకు ఆ యింటివారియెడ బాధ్యత గలదు. వీరు కలము పట్టినవారు కనుక బదులు చెప్పగలిగిరి. నోరులేని పేదల గతి యేమి? చిత్రమును కూర్చుటలో నిర్మాతలకు స్వేచ్ఛ యుండవలసినదే. కాని లోకమునకు చూపకముందు అందలి మనుష్యులకు చూపి, వారి యాక్షేపణలను వినుట వారి కనీసధర్మమని మా యభిప్రాయము.