చార్మినార్ దగ్గర కూర్చున్న కుర్రాళ్లు

‘ది అంగ్రేజ్’ సినిమా ముక్కలు మన సంఘపు వాట్సాప్‌లో ఇంకా తిరుగుతున్నాయి. ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ చార్మినార్ దగ్గర కబుర్లతో పొద్దుపుచ్చుతుంటారు. మేమూ నవ్వాం, ఒప్పుకుంటున్నాం. కానీ దాని కింద “పాతబస్తీ కుర్రాళ్లంతా ఇంతే, పనీపాటా లేని బేవార్సులు” అని రాయడం అబద్ధ సాక్ష్యమే.

పౌలు మాట ఎత్తకండి. 2 థెస్సలొనీకయులకు 3:10 తప్పుపట్టింది పని చేయనొల్లని వాణ్ణి, పని దొరకని వాణ్ణి కాదు. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని ఖాళీగా నిలబడ్డవాళ్లను వెక్కిరించలేదు. కారణం అడిగాడు. ఎవరూ పిలవలేదన్నారు. సాయంత్రం ఐదింటికి పిలిచి, రోజు కూలి మొత్తం ఇచ్చాడు.

మన బస్టాండు అరుగు మీద కూర్చునే డిగ్రీ పిల్లలను ఎవరైనా అలా వీడియో తీస్తే నవ్వుతామా?